రెండు తీర్ల బందోబస్తు

ఎర్రచెలకగూడెంలో డప్పు మోగిన నాటి నుంచి అచ్చమ్మ కాళ్ళు నేల మీద ఆనడం లేదని పోయినవారం చదివినవాళ్ళకు మళ్ళీ చెప్పక్కరలేదు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం మాత్రం రెండు ముక్కలు.

సంగం వాళ్ళు దొర భూములు పంచినప్పుడు అచ్చమ్మ మొగుడు మట్టయ్యకు చివ్వెంల దిక్కున ఒక మెట్ట చెలక వచ్చింది. రాళ్ళేరి, తుమ్మ మొద్దులు పెళ్ళగించి, ఆలుమగలు ఇద్దరూ దాన్ని చెలక అనిపించేలా చేశారు. ఒక్క జొన్నపంట కళ్ళారా చూసుకున్నారో లేదో, నిజాం రాజ్యం పోయింది, యూనియన్ మిలిటరీ వచ్చింది, మిలిటరీ వెనకాలే దొర కూడా వచ్చాడు. గుట్టల్లో తిరిగే సంగం దళానికి అన్నం మోసినవాళ్ళ పేర్లు ఎవరో చెప్పేశారు. అందులో మట్టయ్య పేరుంది. అతను తుపాకి ముట్టిన మనిషి కాడు. కానీ అన్నం మోసినవాడికీ తుపాకి మోసినవాడికీ తేడా చూసే ఓపిక ఆ రోజుల్లో ఎవరికుంది? మట్టయ్య మఠంపల్లి అవతల కృష్ణ ఒడ్డు గుట్టల్లోకి వెళ్ళిపోయాడు. అచ్చమ్మ ఒక్కతే చెలకకు కాపలా ఉంది.

అట్లాంటి రోజుల్లో డప్పు మోగింది.

"శుక్రారం పొద్దుగాల బందోబస్తు వస్తున్నదహో! ఎవరి తావు మీద వాళ్ళు హాజరుండాలహో!"

బందోబస్తు అంటే ఆ దిక్కున తాతల నాటి నుంచి ఒకటే అర్థం. గొలుసు పట్టుకుని మనుషులొస్తారు, గట్లు కొలుస్తారు, హద్దురాళ్ళు పాతుతారు, ఏ చెలక ఎవరిదో రాసుకుపోతారు. గూడెంలో పెద్దవాడు సైదులు, పడుచు వయసులో ఆ గొలుసు మోసినవాడు. బందోబస్తు కానూన్లు ఆయనకు నోటికి వచ్చు. "దున్నేటోడు సొంతంగ నిలబడాలె. పెండ్లాం నిలబడితే చెల్లదు. పేరు, తండ్రి పేరు గట్టిగ చెప్పాలె. రెండు దిక్కుల గట్టోళ్ళు సాక్ష్యం చెప్పాలె. గొలుసు దాటిపోయినంక వస్తే గైరుహాజరే" అని గూడెమంతా కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. మరి మట్టయ్య మీద కేసుంది కదా అని అచ్చమ్మ అడిగితే నవ్వాడు. "అప్పట్ల కూనీ చేసినోడు గూడ వచ్చి గట్టు మీద నిలబడితే పేరు రాసుకున్నరు బిడ్డా. బందోబస్తుల పోలీసోడు చెయ్యి వెయ్యద్దు. అది కానూను."

ఇంకేం కావాలి? పక్క తండా హన్మా పశువుల వెంట కృష్ణ దాకా తిరిగే మనిషి. అతని చెవిలో మాట వేసి, మట్టయ్యను శుక్రవారం పొద్దున చెలక మీద నిలబడమని కబురు పంపింది అచ్చమ్మ. హన్మా పశువులు గుట్ట మలుపు తిరిగి కనుమరుగైన చోట మనం ఆగాం.

గురువారం నాడు అచ్చమ్మ సూర్యాపేట బయలుదేరింది. పనేం పెద్దది కాదు. అడగాల్సింది ఒక్కటుంది, అది సైదులుకు కూడా తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి ఆయన ఇష్టపడలేదు కానీ, తెలియదు.

తహశీలు కచేరి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో ఏసుపాదం దొరికాడు. ఏసుపాదం ఆమె పెద్దమ్మ కొడుకు. బడిలో ఉర్దూ చెప్పుకునే పంతులు. కొత్తగా వచ్చిన మిలిటరీ దొరలకు తెలుగు రాదు, ఊళ్ళవాళ్ళకు వాళ్ళ మాట రాదు. కనుక కచేరీ వాళ్ళు ఏసుపాదాన్ని పిలిచి తర్జుమాకు పెట్టుకున్నారు. కోటు వేసుకుని, గ్లాసు ముందు పెట్టుకుని, తాగకుండా కూర్చున్నాడు.

"అన్నా, ఒక్క ముచ్చట అడిగి పోత. మొగని పేరు పక్కన ఆడదాని పేరు గూడ రాస్తరా?" అంది అచ్చమ్మ, బెంచీ పక్కన కింద కూర్చుంటూ.

"ఏంట్ల?"

"ఏంట్ల అంటవేంది? బందోబస్తుల. రాళ్ళు ఏరింది నేను గూడ గదనే. ఆయన ఎన్ని మోసిండో నేనూ అన్నే మోసిన. ఆయన పేరు పక్కన చిన్నగ అచ్చమ్మ అని రాస్తే వాళ్ళ సొమ్మేం పోతది?"

నవ్వుతూ అన్నది. ఆ నవ్వు చూసి ఏసుపాదం తల తిప్పుకున్నాడు.

"గూడెంల అందరూ గట్లనే అనుకుంటున్నరా?"

"ఎట్ల?"

"పేర్లు రాసుకుంటరని."

"అనుకునుడేంది అన్నా! రాళ్ళకు సున్నం కొడుతున్నరు. ఆడోళ్ళు తలంట్లు పోసుకుంటున్నరు. మీ బావకు గూడ కబురు పంపిన. రేపు పొద్దుగాల దిగుతడు."

ఏసుపాదం చుట్టూ చూసి, లేచి, ఆమెను హోటలు వెనక గిన్నెలు తోమే చోటికి తీసుకెళ్ళాడు.

"ఎందుకు పిలిచినవ్ చెల్లె? ఎవర్ని అడిగి పిలిచినవ్?"

"నా మొగణ్ణి పిలుచుకోనీకి ఒకర్ని అడగాల్నా?"

"ఇది ఆ బందోబస్తు కాదే!"

అచ్చమ్మకు ఆ మాట అర్థం కాలేదు. "డప్పు కొట్టి చెప్తిరి గదా?"

"బందోబస్తే. కాదంటలేను. గని బందోబస్తు రెండు తీర్లు. గొలుసు పట్టుకొని వచ్చేది ఒకటి. అది మాల్ దఫ్తరోళ్ళది, భూమి లెక్క. ఇది పోలీసోళ్ళది. గూడేలు, తండాలు చెదిరి ఉంటే దళపోళ్ళకు అన్నం దొరుకుతదని, అందర్నీ ఒక్కకాడ పెట్టాలని హుకుం వచ్చింది. కోదాడ రోడ్డు మీద ముళ్ళతీగ కంచె కట్టిండ్రు చూసినవా? గది మీకే."

"మాకా?"

"రేపు పొద్దుగాల లారీలొస్తయి. ఎవరింటి ముంగట వాళ్ళు, ఎవరి చెలకల వాళ్ళు హాజరుంటే లెక్క పెట్టుకుంటరు, ఎక్కించుకుంటరు. గుడిసెలు పీకుతరు. నెత్తి మీద ఎంత మోస్తే అంతే గింజలు. మల్లెప్పుడు ఇడుస్తరో కానూన్ల రాయలేదు."

"మరి మా చెలక?"

చెలక ఎక్కడికీ పోదు కదా, అక్కడే ఉంటుంది. అది అచ్చమ్మకే అర్థమైంది. అర్థమైన వెంటనే ఆమె చెలకను మరిచిపోయింది. కళ్ళ ముందు ఒక్కటే నిలబడింది. గట్టు మీద మట్టయ్య.

"ఆయన వస్తే ఏమైతది?"

"గూడెం లెక్కల లేని మొగోడు దొరికితే రెండు కానూన్లు. ఎవరో ఎరుక లేకపోతే బయటోడని రాసుకుంటరు. చేతుల ఏం లేకపోతే రోడ్డు పనికి తోలుతరు, కొన్నాళ్ళు సతాయించి ఇడుస్తరు. దళంతోని తిరిగినోడని పేరు తేలిందనుకో, మిర్యాలగూడెం దిక్కు లారీ. ఆ లారీల ఎక్కినోళ్ళను నేను మల్ల చూడలే చెల్లె. అన్నం పెట్టినోళ్ళు, ఎరుక ఉన్నోళ్ళు గూడ అండ్లనే."

అచ్చమ్మ గోడకు చెయ్యి ఆనించింది. తన చేతులతోనే, తన నోటితోనే పిలిచింది. దాక్కున్న మనిషిని, బతికి ఉన్న మనిషిని, వచ్చి నిలబడు, పేరు గట్టిగా చెప్పు అని పిలిచింది.

తర్వాత అడిగింది. "డప్పు కొట్టెటోనికి ఆ మాటలు ఎవరు చెప్పిండ్రు?"

"హుకుం ఉర్దూల వచ్చింది."

"అది కాదు నేనడిగింది. తెలుగుల ఎవరు చెప్పిండ్రు?"

ఏసుపాదం కోటు గుండీలు సర్దుకున్నాడు. "వాళ్ళ కాగితంల బందోబస్తనే ఉన్నది. మా దిక్కు ఈ మాటకు భూమి కొలత అని అర్థమైతది, పోలీసు బందోబస్తని విడమరిచి చెప్పిద్దామా అని నేనడిగిన. మీ కొత్త పట్వారీ కృష్ణమూర్తి గాడనే ఉండె. 'ఉన్న మాట ఉన్నట్టే ఉండనీయ్ పంతులూ, ఎవరి అర్థం వాళ్ళు చేసుకుంటరు' అని నవ్విండు."

"నువ్వేం చేసినవ్?"

"ఉన్న మాట ఉన్నట్టే చెప్పిన."

"అంటే నీకెరుక. మేం ఏమనుకుంటమో నీకు ముందే ఎరుక. నువ్వు మా ఇంట్ల అంబలి తాగి పెరిగినవ్ అన్నా. బందోబస్తంటే మాకేంది అన్నది పేటల నీ ఒక్కనికే ఎరుక."

"నౌకరీ చెల్లె. కాదంటే నన్ను గూడ సంగపోడంటరు."

ఇక్కడ ఏసుపాదాన్ని నేను వెనకేసుకు రాను. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు పాపం! ఉన్న మాటకు ఒక మాట చేర్చకుండా, ఒక మాట తీయకుండా, ఊరికి ఊరినే గట్ల మీద నిలబెట్టాడు. భయపడ్డాడు, నిజమే. భయపడని వాడెవడు? కానీ అచ్చమ్మ కూడా భయపడే ఉంది, ఆమె ఎవరినీ లారీ ఎక్కించలేదు. తెలిసి ఎక్కించలేదు.

ఆమె తిట్టలేదు. శాపనార్థాలు పెట్టే వ్యవధి లేదు. "ఆయన ముఖం వాళ్ళకు ఎరుకనా?" అని మాత్రం అడిగింది.

"లేదు. గందుకే అందర్నీ నిలబెట్టి పేర్లు అడుగుతున్నరు. పాత పట్వారీ పారిపాయె, ఈ కృష్ణమూర్తి ఆయన మేనల్లుడు, గూడెంల ఒక్క ముఖం ఎరుక లేదు. పేరు బయటికి రాకపోతే చాలు. నాకెరుక లేదని నువ్వే అనాలె చెల్లె. మొగణ్ణి మొగడు కాదనాలె."

"నువ్వొస్తవా రేపు?"

"రావాలె. మిలిటరీ మేజరు అడిగేది మీకు, మీరు చెప్పేది ఆయనకు నేనే చెప్పాలె."

అచ్చమ్మ చెంగు నడుముకు బిగించి, చివ్వెంల బాట పట్టింది.

గూడెం మలుపులో అప్పటికే సిపాయిలు దిగారు. లోపలికి పోయేవాళ్ళను పోనిస్తున్నారు. బయటికి వచ్చేవాళ్ళను వెనక్కి తిప్పుతున్నారు. హన్మా వెంట ఇంకో మనిషిని పంపే దారి మూసుకుపోయింది. మట్టయ్య గుట్టల్లో నుంచి ఏ వాగు వెంట దిగుతాడో, ఏ పొద చాటున వస్తాడో అతనికి తప్ప ఇంకొకరికి తెలియదు. ఆ తెలివే ఇన్నాళ్ళూ అతన్ని బతికించింది.

సైదులు తన హద్దురాయికి సున్నం పూసి, దూరంగా నిలబడి మురిపెంగా చూసుకుంటున్నాడు. అచ్చమ్మ ఒక్క గుక్కలో అంతా చెప్పింది. ముసలాయన ఆసాంతం విని, కుంచె కుండలో పెట్టాడు.

"గీ మాట నీకు ఎవరు చెప్పిండ్రు?"

"మా అన్న ఏసుపాదం. కచేరిలనే ఉన్నడు గదా."

"ఎవరి జీతం తింటున్నడు నీ అన్న?"

ముసలాయన చేతికంటిన సున్నం దులుపుకున్నాడు.

"సూడు బిడ్డా, మనం బెదిరి రేపు హాజరు కాలేదనుకో, ఏం రాస్తరు? గైరుహాజరు. గైరుహాజరైతే భూమి ఎవరికి పోతది? దొరకు. గందుకే నీతోని గా మాట చెప్పిచ్చిండ్రు. నేను గొలుసు మోసిన దినాలల్ల గూడ గిట్లనే పుకార్లు లేపిండ్రు. అప్పుడు బెదిరినోళ్ళు ఇగ భూమి మొకం చూడలే."

చుట్టూ చేరినవాళ్ళంతా తలలూపారు. మరి నన్నడిగితే, ఆ మాటలో తప్పు పట్టడానికి ఏముంది? ముసలాయన చెప్పిన కానూనులో అక్షరం పొల్లు లేదు. ఆ కానూను ఈ బందోబస్తుది కాదు, అంతే. అచ్చమ్మ గుడిసె గుడిసెకూ తిరిగింది. ఒకామె తలుపు మూసింది. ఒకామె, మా గట్టు కలుపుకుందామని చూస్తున్నవా అని మొహం మీదే అడిగేసింది. పొద్దుగూకే సరికి అచ్చమ్మ గొంతు పోయింది.

తెల్లవారుతుండగా అచ్చమ్మ గుట్ట దిక్కు బాట మీద నిలబడింది, కనిపించగానే వెనక్కి తరిమేద్దామని. మట్టయ్య ఆ బాటన రాలేదు. వాగులో నుంచి, ఆమె వీపు వెనక నుంచి వచ్చాడు. ఆమె తిరిగి చూసేసరికి గట్టు మీద ఉన్నాడు. గడ్డం గీయించుకున్నాడు. ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నాడో, ఉతికిన ధోతి కట్టాడు. చెయ్యెత్తి నవ్వాడు.

అదే సమయానికి లారీల మోత వినిపించింది.

"ఉరుకు! వాగులకు ఉరుకు!" అని అచ్చమ్మ అరిచింది. అరిచాననుకుంది. బొంగురుపోయిన గొంతులో నుంచి గాలి తప్ప మాట రాలేదు. ఆమె పరిగెత్తి అతన్ని చేరేలోపు చెలకల చుట్టూ సిపాయిలు నిలబడ్డారు. వాగు దిక్కున కూడా నిలబడ్డారు.

మేజరు ఒక్కో చెలక దగ్గర ఆగుతూ వస్తున్నాడు. పక్కన ఏసుపాదం. కొంచెం ఎడంగా, గొడుగు వేసుకుని పట్వారీ కృష్ణమూర్తి. జనం పేరూ తండ్రి పేరూ గట్టిగా చెబుతున్నారు. చెప్పినవాళ్ళను లారీల దగ్గర కూర్చోబెడుతున్నారు. పట్టా అక్కడే ఇస్తారు కాబోలని వాళ్ళు సంతోషంగానే కూర్చుంటున్నారు. గొలుసేదీ అని మాత్రం ఒకరిద్దరు మెడలు చాచి చూస్తున్నారు.

మేజరు అచ్చమ్మ చెలక దగ్గరికి వచ్చాడు. కర్రతో మట్టయ్యను చూపించాడు.

"యే కౌన్ హై?"

"ఈ మనిషి ఎవరని సాబ్ అడుగుతున్నరు" అన్నాడు ఏసుపాదం, గట్టు మీది మట్టిని చూస్తూ.

మట్టయ్య గొంతు సవరించుకున్నాడు. అచ్చమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. రాని గొంతును పీకి బయటికి తెచ్చింది.

"నాకెరుక లేదు. ఎవరో బాటన పోయెటోడు. మంచినీళ్ళకని ఆగిండు."

మట్టయ్య ముందు నవ్వబోయాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. తల తుడిచే చెయ్యి, తిండి దాచి పంపిన చెయ్యి, ఇప్పుడు అతన్ని అవతలికి పొమ్మన్నట్టు విదిలిస్తోంది. నా చెలక మీద నిలబడి నన్నే ఎరగనంటోంది అనుకున్నాడో, ఇంకేదో కీడు ఉందని పసిగట్టాడో, నోరు మూసుకున్నాడు. కళ్ళలో మాత్రం దెబ్బ తిన్నట్టు కనిపించింది. అది చూసి తట్టుకోవడం అచ్చమ్మకు చావు కన్నా కష్టమైంది. అయినా చూపు తిప్పలేదు.

ఏసుపాదం ఆ మాటే మేజరుకు చెప్పాడు. మేజరు మట్టయ్య చేతులు చూశాడు, నడుము తడిమించాడు. ఏమీ లేదు. రోడ్డు పనికి తోలడానికి నిలబెట్టినవాళ్ళ దిక్కుకు కర్ర చూపించాడు. మట్టయ్య అటు ఒక అడుగు వేశాడు.

అచ్చమ్మకు ఊపిరి వచ్చింది.

"సాబ్! ఆగుండ్రి సాబ్!"

పక్క గట్టు మీద నుంచి సైదులు చెయ్యెత్తాడు. ముఖం నిండా జాలి. "ఆడిమనిషి, బెదిరి తప్పు చెప్తున్నది సాబ్. ఆయన ఆమె పెనిమిటే. చెలక ఆయనదే. సాక్ష్యం నేనున్న!" అవతలి గట్టు మీది మనిషి కూడా, తనేం తక్కువ అన్నట్టు, "నేను గూడ!" అన్నాడు. ఒక ఇంటి భూమి కళ్ళ ముందే పోతుంటే చూస్తూ ఊరుకునే మనుషులు కారు వాళ్ళు.

మేజరు ఆగాడు. "క్యా బోల్తా హై బుడ్ఢా?" ముసలాడు ఏమంటున్నాడని ఏసుపాదాన్ని అడిగాడు.

ఏసుపాదం ఆ పొద్దున మొదటిసారి తలెత్తి అచ్చమ్మను చూశాడు. తర్వాత మేజరు వైపు తిరిగి, ముసలాయన తన చెలక గురించే చెబుతున్నాడని, ఈ బాటసారి సంగతి ఆయనకు కూడా తెలియదని ఉర్దూలో చెప్పాడు. ఆ కచేరీలో చేరాక ఉన్న మాటను ఉన్నట్టు చెప్పకపోవడం అతనికి అదే మొదలు.

మేజరు తల ఊపి ముందుకు కదిలాడు.

కృష్ణమూర్తి కదల్లేదు. దూరంగా ఉన్నందుకు సైదులు మాట ఆయనకు సగమే వినపడింది, ఏసుపాదం మాట పూర్తిగా వినపడింది. రెండు భాషలూ వచ్చిన మనిషి. గొడుగు మూసి, గట్టు దాటి, తీరిగ్గా వచ్చి సైదులు ముందు నిలబడ్డాడు. ఏసుపాదాన్ని ఒకసారి కిందికీ మీదికీ చూసి, ముసలాయనతో ఎంతో మర్యాదగా అన్నాడు.

"పెద్దమనిషీ, జర గట్టిగ చెప్పు. ఈయన ఎవరంటివి?"

కచేరీ మనిషి తనను సాక్ష్యం అడిగినందుకు సైదులు పొంగిపోయాడు. తలపాగా సర్దుకుని, మట్టయ్య దగ్గరికి నడిచి భుజం మీద చెయ్యి వేసి, పేరూ తండ్రి పేరూ గట్టిగా చెప్పడానికి నిటారుగా నిలబడ్డాడు.